ఆరు మాటలు, ఆరు తప్పులు, రెండు కారణాలు

(డీఎల్‌ఈడీ అనే ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ కోర్సు రెండో సంవత్సరం ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసానికి బడులకు వెళ్ళే ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా. వెనక బల్లల్లో ఉన్నవాళ్ళు ముందుకు రండి, బోర్డు మీద రాసేది అందరికీ కనబడాలి.

సోమవారం నుంచి మీరు ప్రాథమిక బడుల్లో తెలుగు చెబుతారు. శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అన్న నాలుగు నైపుణ్యాల గురించి ఈ రెండేళ్ళలో చాలా చదివారు, పరీక్షల్లో రాశారు. వాటి నిర్వచనాలు మళ్ళీ చెప్పను. ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే: పిల్లలు చేసే తప్పును చదవడం. తెలుగు టీచరుకు పాఠ్యపుస్తకం చదవడం ఎంత ముఖ్యమో పిల్లల తప్పును చదవడమూ అంతే ముఖ్యం. అది రానప్పుడు ఎన్ని చార్టులు కట్టినా పాఠం గాలిలో పోతుంది.

బోర్డు చూడండి. రెండో తరగతిలో టీచరు రెండు వాక్యాలు ఉక్తలేఖనం (డిక్టేషన్) చెప్పారనుకుందాం.

"వాన కురిసింది. మేడ మీద పావురం ఉంది."

ఒక పాప పలక మీద ఇలా రాసింది.

"వన కురిసిది. మెడ మిద పవురం ఉది."

ఆరు మాటలు. ఆరింటికి ఆరూ తప్పు. మార్కులు వేస్తే సున్నా. మనలో చాలామంది ఆరు సున్నాలు చుట్టి, "ఒక్కోటి పదిసార్లు రాయి" అంటాం. ఆ పాప అరవై మాటలు రాస్తుంది. చెయ్యి నొప్పి పుడుతుంది. మర్నాడు కొత్త వాక్యం చెబితే మళ్ళీ అలాగే రాస్తుంది.

ఇప్పుడు ఆ పలకను తీరిగ్గా చదవండి. ఈ పాపకు ఏం వచ్చు? వ, న, క, ర, స, ద, మ, డ, ప అన్నీ వచ్చు. గుడి వచ్చు, కురిసిలోనూ చివరి దిలోనూ సరిగ్గా పెట్టింది. కొమ్ము వచ్చు, కులో ఉంది, పవురంలో ఉంది. ఎత్వం వచ్చు, మెలో ఉంది. మాటకూ మాటకూ మధ్య జాగా వదలడం వచ్చు. వాక్యం చివర చుక్క కూడా పెట్టింది. ఇంత వచ్చిన పిల్లకు ఏం రాదు? వాన వన అయింది, మేడ మెడ అయింది, మీద మిద అయింది, పావురం పవురం అయింది. నాలుగు చోట్లా పోయింది ఒకటే, దీర్ఘం. కురిసింది కురిసిది అయింది, ఉంది ఉది అయింది. రెండు చోట్లా పోయింది సున్న. అంటే తప్పులు ఆరు, కారణాలు రెండే. చికిత్స కూడా రెండింటికే.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. పావురంలో చివరి సున్న ఆ పాప చక్కగా పెట్టింది. మరి కురిసిందిలో ఎందుకు వదిలేసింది? సున్న అంటే "మ్" అని మనం నేర్పాం కాబట్టి. "బలం, కలం" అని చివర పెదవులు మూసి చెప్పించాం. ఉంది అనే మాటను ఇప్పుడు మీరే పైకి అనండి. పెదవులు మూసుకున్నాయా? లేదు. నాలుక కొన పళ్ళకు తగిలింది, వినబడింది "న్". పండు అనండి, నాలుక పైకి మడతపడుతుంది. మంచం అనండి, వంకాయ అనండి, పంపు అనండి. వెనక వచ్చే హల్లును బట్టి సున్న ప్రతిచోటా వేరే చోట పుడుతోంది. ఈ మాటల్లో పంపులోనూ, మాట చివరా మాత్రమే "మ్". ఉందిలో ఆ పాపకు "మ్" వినబడలేదు కాబట్టి సున్న పెట్టలేదు. తను విన్నదానికి నిజాయితీగా రాసింది. మనం నేర్పింది సగమే.

దీనికి మందు చాలా చిన్నది. జంటమాటలు తీసుకోండి: పది, పంది. బడి, బండి. పడు, పండు. గడి, గండి. రెండూ పైకి చెప్పి, ఏది అన్నానో చూపించమనండి. ఒక్కో మాట ఒక్కో కార్డు మీద ఉండాలి. వినడం కుదిరాక చదవడం, ఆ తర్వాతే రాయడం. దీర్ఘానికీ ఇదే దారి: వన, వాన. మెడ, మేడ. కొన, కోన. విడు, వీడు. పడు, పాడు. హ్రస్వానికి అరచేయి మూసి, దీర్ఘానికి చెయ్యి బారుగా చాపి పలికిస్తే సాగదీత చేతికి కూడా తెలుస్తుంది. రోజూ పది నిమిషాలు, అయిదారు జంటలు, రెండు వారాలు. అంతకంటే పొడుగ్గా ఒకేరోజు చేయించకండి, పిల్లలు మాట వినడం మానేసి మీ మొహం చూసి ఊహించడం మొదలుపెడతారు. కార్డులు రెండూ ఎప్పుడూ ఒకే వరుసలో చూపించినా అంతే. వరుస మారుస్తూ ఉండాలి.

ఈ కార్డుల గురించి ఒక్క మాట. ఏ4 కాగితాన్ని సగం చేసి, ఒక సగానికి ఒక మాట, నల్ల మార్కరుతో రాయండి. అక్షరం కనీసం రెండంగుళాల ఎత్తు ఉండాలి. దీర్ఘానికి ఎర్ర రంగు, గుడికి ఆకుపచ్చ అంటూ రంగులు మార్చకండి, పిల్లలు గుర్తును వదిలి రంగును గుర్తుపెట్టుకుంటారు. పాఠ్యపుస్తకంలో అన్నీ నలుపే కదా. థర్మకోల్ మీద తళుకులు అంటించిన టీఎల్ఎం (బోధన సామగ్రి) పర్యవేక్షకులు వచ్చిన రోజు బాగుంటుంది, ముప్ఫై మంది చేతుల్లో తిరిగేది మాత్రం ఈ కాగితం ముక్కే.

ఇక అక్షరాల వరుస దగ్గరికి వద్దాం. ఊళ్ళో తల్లిదండ్రులు మిమ్మల్ని మొదట అడిగేది ఇదే: "అఆలు చెప్పడం లేదేంటండీ?" దీనికి జవాబు మీ దగ్గర ఉండాలి. వర్ణమాల వరుస శాస్త్రీయమైనదే, పలుకు పుట్టే చోటును బట్టి క నుంచి ప దాకా పేర్చినది. నిఘంటువుకు అది కావాలి, పెద్ద తరగతుల్లో వ్యాకరణానికి కావాలి. కానీ చదవడం మొదలుపెట్టే పిల్లలకు ఆ వరుస అడ్డుపడుతుంది. తెలుగులో అచ్చు అక్షరంగా కనబడేది సాధారణంగా మాట మొదట్లోనే. లోపలికి వెళ్ళేసరికి అది గుడి, కొమ్ము, ఏత్వం అయిపోతుంది. అందుకని అచ్చులన్నీ నెలరోజులు దిద్దిన పిల్ల చేతికి కథల పుస్తకం ఇస్తే ఆ, ఈ, ఏ తప్ప ఒక్క మాటా చదవలేదు. చదవడం అంటే ఏమిటో తెలియకుండానే నెల గడిచిపోయింది.

అదే ప, డ, వ, ల, క అనే అయిదు అక్షరాలు తీసుకోండి. గుర్తులేమీ లేకుండా, వత్తులు లేకుండా ఎన్ని మాటలు వస్తాయో చూడండి: పడవ, పలక, పడక, కడవ, కలప, వల, వడ, కల, పకపక. మొదటివారం చివరికే పిల్ల తొమ్మిది మాటలు చదివి, ప్రతి మాటకూ ఇంట్లో ఉన్న వస్తువునో పనినో చూపించగలదు. ఇప్పటి పాఠ్యపుస్తకాలు కూడా మాట నుంచి అక్షరానికి నడుస్తున్నవే. అయితే పుస్తకం అలా ఉన్నా, తరగతిలో మళ్ళీ అఆల దిద్దుడే నడుస్తుంటుంది. బోధనాభ్యాసంలో మీరు కనీసం ఆ పొరపాటు చేయకండి.

ఒక మాట నుంచి అక్షరాన్ని ఎలా తీస్తారు? పలక తీసుకుందాం. ముందు అసలు వస్తువు చూపించి దాని గురించి మాట్లాడించండి, రెండు నిమిషాలు చాలు. తర్వాత మాటను చప్పట్లతో విరవండి: ప, ల, క, మూడు చప్పట్లు. తెలుగులో ఇది పిల్లలకు తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే మన లిపిలో ఒక అక్షరం దాదాపు ఒక చప్పట్టు. మొదటి చప్పట్టులో ఏం వినబడింది? ప. ప తో మొదలయ్యే మాటలు ఇంకేమున్నాయి? పప్పు, పండు, పలుగు, పటం, ఏది చెప్పినా తీసుకోండి. అప్పుడు మాత్రమే బోర్డు మీద మాటంతా రాసి, ప ఎక్కడుందో వేలితో చూపించమనండి. గాలిలో ఒకసారి, ఇసుకలోనో నేల మీద సుద్దతోనో ఒకసారి, ఆ తర్వాత పలక మీద. ముగింపుగా, రాసి ఉన్న పది మాటల్లో ప ఎక్కడుందో వెతికించండి. చాలామంది ఈ ఆఖరి మెట్టును వదిలేస్తారు. అక్షరాన్ని ఒంటరిగా గుర్తుపట్టడం వేరు, గుంపులో పట్టడం వేరు.

పోలికలున్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకండి. ప, ష. న, స. డ, ద. బ, భ. ద, ధ, థ. ఒకటి బాగా నాటుకున్నాక, అంటే వరుస మార్చి అయిదుసార్లు అడిగితే అయిదుసార్లూ చెప్పాక, రెండోది తెచ్చి పక్కన పెట్టండి. అప్పుడు తేడా ఎక్కడుందో పిల్లలే చూపిస్తారు. ప కీ ష కీ మధ్య తేడా లోపలి గీతలో ఉంది, డ కీ ఢ కీ తేడా కింది చీలికలో ఉంది అని వాళ్ళ నోటితో రావాలి. రెండూ ఒకేసారి నేర్పితే రెండూ కలిసిపోయి ఒకటవుతాయి, తర్వాత విడదీయడానికి ఏడాది పడుతుంది.

గుణింతం. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువ చెడేది ఇక్కడే.

మూడో తరగతికి వెళ్ళి "క గుణింతం చెప్పు" అంటే ఊపిరి తీసుకోకుండా క, కా, కి, కీ దగ్గర్నుంచి కం, కః దాకా చెప్పేస్తారు. అప్పుడు "కొ" ఒక్కటే రాసి ఇది ఏమిటి అని అడగండి. పెదవులు కదులుతాయి, వేళ్ళు మడుస్తారు. క, కా, కి, కీ, కు, కూ అంటూ నడుచుకుంటూ వచ్చి "కొ" దగ్గర ఆగుతారు. వాళ్ళకు తెలిసింది పాట, గుర్తు కాదు. ఒక్కో గుర్తుకూ అంత దూరం నడిచి రావలసిన పిల్ల ఒక వాక్యం చదివేసరికి దాని మొదలు మరిచిపోతుంది. అర్థం ఎలా తెలుస్తుంది?

అందుకని గుణింతాన్ని నిలువుగా కాకుండా అడ్డంగా నేర్పండి. ఒక అక్షరానికి అన్ని గుర్తులూ పెట్టే బదులు, ఒకే గుర్తును తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టండి. దీర్ఘం వారంలో దీర్ఘమే: పా, డా, వా, లా, కా. వెంటనే మాటలు: పాప, పాక, వాడ, కాడ. వాటితో వాక్యాలు. గుడి వారంలో గుడి. ఒక్కో గుర్తుకు మూడు నాలుగు రోజులు, తర్వాత పాత గుర్తులతో కలిపి రెండు రోజులు. మొత్తం గుర్తులు ఇలా నడిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడి నెలలో ముగిస్తే ఆ మూడో తరగతి పిల్లల పరిస్థితే మళ్ళీ వస్తుంది.

గుర్తులు అన్ని అక్షరాలకూ ఒకేలా అతకవు, ఇది ముందే చూసుకుని వెళ్ళాలి. జ, ట, ణ, బ, ల లాంటివాటికి తలకట్టే లేదు. వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మ లా కనబడుతుంది, అందుకే వు, పు రాసేటప్పుడు కొమ్మును కిందికి దించి రాస్తాం. మొ చూడండి, మె కు కొమ్ము తగిలించినట్టు ఉంటుంది, కొ లాగా తల మీద ఉండదు. యొ కూడా అంతే. పిల్ల పువ్వును "పమ్మ" అని చదివితే అజాగ్రత్త అనుకోకండి, మీరు నేర్పిన సూత్రాన్నే అది పనిచేయని చోట వాడింది. ఇలాంటివాటిని సూత్రం చెప్పకుండా మాటలుగా, విడిగా నేర్పాలి: పువ్వు, పులి, మొక్క, మొగ్గ. యొ ఎప్పుడో తర్వాత.

వత్తుల్లో క, త, న, మ, య, ర, ల ఏడింటి ఆకారం మారుతుంది. మిగిలినవి చాలావరకు తలకట్టు తీసేసిన అసలు అక్షరాలే. కాబట్టి గడ్డి, గుడ్డి, ముగ్గు, పప్పు లాంటి, పోలిక తెలిసిపోయే ద్విత్వాలతో మొదలుపెట్టి, తర్వాత అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల చెప్పండి. చుట్టాల మాటల్లోనే ఆ ఏడు వత్తుల్లో అయిదు వచ్చేస్తాయి, ఇంతకంటే మంచి పాఠం ఎవరూ తయారు చేయనక్కర్లేదు.

సంయుక్తాక్షరం దగ్గర అసలు చిక్కు ఉంది. బోర్డు మీద పత్రిక రాస్తున్నాను. కొందరు పిల్లలు దీన్ని "పతిరక" అంటారు, కొందరు "పర్తిక" అంటారు. రెండూ వేర్వేరు తప్పులు. గుడి ఎక్కడ కూర్చుంది? త నెత్తిన. కానీ ఆ ఇ పలికేది ఎప్పుడు? త తర్వాత ర పలికి, ఆ పైన. కంటికి కనబడే వరుస ఒకటి, నోటికి వచ్చే వరుస ఒకటి. త మీద గుడి చూసి "తి" అనేసి తర్వాత ర చదివిన పిల్ల "పతిరక" అంటుంది. క్రావడి త కిందినుంచి ఎడమ పక్కకు వంగి ఉంటుంది కదా, దాన్ని ముందు చూసిన పిల్ల "పర్తిక" అంటుంది. మొదటి పిల్లకు చెప్పాల్సింది: "గుర్తును ఆఖర్న పలుకు." రెండో పిల్లకు చెప్పాల్సింది: "పైన ఉన్నది ముందు, కింద ఉన్నది తర్వాత." ఇద్దరికీ కలిపి "సరిగ్గా చూసి చదువు" అంటే ఇద్దరికీ ఉపయోగం లేదు. చేయించే పద్ధతి ఇది: త్ అనిపించి, ర అనిపించి, కలిపి త్ర. అది కుదిరాక గుడి చేర్చి త్రి. అలా మూడు అడుగుల్లో పత్రిక, చిత్రం, మిత్రుడు, రాత్రి. స్త్రీ లాంటివి ఆఖర్న.

చదివించడం దగ్గరికి వస్తే, ముందు ఒక హెచ్చరిక. పాఠ్యపుస్తకంలో పాఠాన్ని గడగడా చదివిన పిల్లకు చదవడం వచ్చినట్టు కాదు. ఇరవైసార్లు విన్న పాఠం కంఠతా వచ్చేస్తుంది. కళ్ళు ఒక వాక్యం మీద, నోరు ఇంకో వాక్యం మీద ఉంటాయి. తెలుసుకోవడం సులువు: పేరా మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి, లేదా కింది వాక్యం నుంచి పైకి చదివించండి. పరీక్షకు ఎప్పుడూ పిల్లలు చూడని పేరానే వాడండి.

పిల్లల చదువును ఇంటింటా కొలిచే అసర్ సర్వే వాళ్ళ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, తరగతి మొదటివారంలో అది పనికొస్తుంది. ముందు చిన్న పేరా ఇవ్వాలి. చదివితే కథకు వెళ్ళాలి. చదవలేకపోతే పదాలకు దిగాలి, అయిదింట నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా అయిదింట నాలుగు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ముప్ఫై మందికి మూడు రోజులు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టులోనూ, ఇతరత్రా కనీస సామర్థ్యాల కార్యక్రమాల్లోనూ బడిలో ఇలాంటి పట్టికలు ఉంటాయి. అవి అడిగి తీసుకోండి, కానీ మీరు కూడా సొంతంగా ఒకసారి చదివించి చూడండి. పట్టికలో "పదాలు" అని ఉంటుంది. ఏ పదాల దగ్గర ఆగిపోయిందో ఉండదు.

వేగం సంగతి. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఈ అంకెలను తెలుగు తరగతిలో వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మన మాట పొడుగు. "చదువుకుంటున్నప్పుడు" అన్నది లెక్కకు ఒక్క మాటే, చదివే పిల్లకు మాత్రం అది ఓ చిన్న వాక్యం. "రాలేకపోయారు"లో చేసిన పని, చేతకాకపోవడం, ఎవరు, ఎప్పుడు అన్నీ ఉన్నాయి. అందుకని పేరా ఎంచుకునేటప్పుడు మాటల సంఖ్యతో పాటు అక్షరాల సంఖ్య కూడా చూడండి. నిమిషంలో ఎన్ని చదివిందన్నదానికంటే ఎక్కడ ఆగింది, ఆగి ఏం చేసింది అన్నది మీకు ఎక్కువ చెబుతుంది.

అది పట్టుకోవడానికి పేరా నకలు ఒకటి మీ చేతిలో ఉండాలి. పిల్ల చదువుతుంటే, తప్పు చదివిన మాట మీద తను అన్నది ఉన్నదున్నట్టు రాయండి. వదిలేసిన మాటకు గీత. తప్పు చదివి తానే దిద్దుకుంటే పక్కన "ది" అని గుర్తు పెట్టండి, దాన్ని తప్పుల్లో లెక్కపెట్టకండి. తానే దిద్దుకుందంటే అర్థం వెంట పోతోందన్నమాట, ఆ పిల్ల దారిలో పడింది. మధ్యలో మీరు నోరు విప్పకండి. పిల్ల ఆగగానే మాట అందించేయడం మనందరికీ అలవాటు, కనీసం మూడు సెకన్లు ఆగండి. తరగతిలో ప్రశ్న వేశాక కూడా అంతే. మూడు సెకన్లు నిశ్శబ్దం మొదట్లో చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కానీ చెయ్యెత్తని పిల్లలు నోరు తెరిచేది ఆ నిశ్శబ్దంలోనే.

పేరాలో "వచ్చాడు" అని ఉంది. పిల్లవాడు "వచ్చిండు" అని చదివాడు. ఇది తప్పా? ఆలోచించండి. వాడు అక్షరాలు చూశాడు, అర్థం చేసుకున్నాడు, ఆ అర్థాన్ని తన ఇంటి మాటలో చెప్పాడు. చదవడంలో ఉన్న అతి కష్టమైన పని చేసేశాడు. ఇంకోచోట "వచ్చినాడు" అంటాడు ఇంకొకడు. ఉల్లిపాయ బొమ్మ చూపిస్తే ఒక జిల్లాలో ఉల్లిగడ్డ, ఒక జిల్లాలో ఎర్రగడ్డ అంటారు. ఇంటి మాటను "అలా అనకూడదు" అని కొట్టేస్తే ఆ పిల్లవాడు రేపటి నుంచి నోరు విప్పడు, మాట్లాడని పిల్లవాడికి రాయడానికి ఏమీ ఉండదు. మాట్లాడేటప్పుడు ఇంటి మాట రానివ్వండి. బోర్డు మీద రెండూ పక్కపక్కన రాయండి: ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా ఉంది. మూడో తరగతికి వచ్చేసరికి ఏది ఎక్కడ వాడాలో వాళ్ళకే తెలుస్తుంది. మనం ఇవాళ వాడుక భాషలో పాఠాలు చెప్పుకుంటున్నామంటే దాని వెనక గిడుగు రామమూర్తి గారి పోరాటం ఉంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అదే మనిషి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. మీలో కొందరు ఏజెన్సీ బడులకు వెళుతున్నారు. అక్కడి పిల్లలకు ఇంట్లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, లంబాడీ లాంటి భాషలుంటాయి, తెలుగు రెండో భాష. వాళ్ళతో మొదటివారం అక్షరాల జోలికి పోకండి. ఇరవై ముప్ఫై మాటలు వాళ్ళ భాషలో మీరు నేర్చుకోండి, అవే మాటలు తెలుగులో వాళ్ళు నేర్చుకుంటారు. తెలియని మాటను అక్షరాలుగా విరిస్తే అది ఒట్టి చప్పుడే.

మహాప్రాణాలు, శ ష స, ల ళ, న ణ. వీటిలో చాలావాటికి ఇంటి మాటలో తేడా వినబడదు. భయం బయం అని రాసిన పిల్ల విన్నదే రాసింది. ఇది చెవికి సంబంధించిన తప్పు కాదు, కంటి జ్ఞాపకానికి సంబంధించినది, చదువు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. ఒకటి రెండు తరగతుల్లో దీని మీద ఎర్ర పెన్ను పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. సరైన రూపాన్ని పక్కన రాసి ఊరుకోండి. దీర్ఘం పోతే మేడ మెడ అవుతుంది, అర్థం మారిపోతుంది, ముందు అది చూడండి.

నలభై నిమిషాల పీరియడ్ ఎలా వాడాలి? ఆరు నిమిషాలు మాటలు, పాట, పొడుపుకథ. పది నిమిషాలు ఆ రోజు గుర్తు లేదా వత్తు. పది నిమిషాలు చదవడం, ఇందులో సగం జంటగా, ఒకరికొకరు. పది నిమిషాలు రాయడం, అప్పుడు మీరు బల్లల మధ్య తిరుగుతూ నలుగురైదుగురి పలకలు చూడాలి. నాలుగు నిమిషాలు చివరి పరీక్ష. పీరియడ్ ప్లానులో "విద్యార్థులు అవగాహన చేసుకుంటారు" అని రాయకండి, "పిల్లలు బండి, పంపు, మంచం విని రాస్తారు" అని రాయండి. మొదటిదాన్ని ఎవరూ సరిచూడలేరు, రెండోదాన్ని నాలుగు నిమిషాల్లో చూడొచ్చు. అలాగే "అర్థమైందా?" అని అడగొద్దు. "అయిందండీ" అని అందరూ కలిసి అంటారు, కానివాళ్ళు కూడా. ఒకే గదిలో రెండు తరగతులుంటే ఈ పట్టీని విడదీసి, ఒక తరగతి రాస్తున్నప్పుడు ఇంకో తరగతికి చెప్పాలి.

ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్న పుస్తకాలు చూస్తారు. అక్కడ తెలుగు పీరియడ్ ఒక్కటే పిల్లలు ఇంటి భాషలో చదివే సమయం, దాన్ని వేరే పనులకు ఇవ్వకండి.

పెద్ద తరగతుల్లో పద్యం. భావం ముందు చెప్పేయకండి. రెండుసార్లు రాగంతో వినిపించి, మాటలు విడదీసి, అప్పుడు భావం. సంధి వల్ల మాటల ముఖం మారిపోతుంది. పద్యంలో "నొక్క" అని కనబడితే పిల్లవాడికి గుర్తొచ్చేది బటన్ నొక్కడం, అక్కడ ఉన్నది "ఒక్క". ఆ ఒక్క అక్షరం విడదీస్తే పద్యమంతా తెరుచుకుంటుంది.

రాసేటప్పుడు బోర్డు మీది మాటను తప్పుగా ఎక్కించుకునే పిల్ల ఉంటే, మొదట ముందు వరుసలో కూర్చోబెట్టి చూడండి. తప్పులు తగ్గాయంటే చూపు పరీక్ష చేయించమని హెడ్మాస్టరు గారి ద్వారా తల్లిదండ్రులకు చెప్పాలి. వెనక నుంచి పిలిస్తే పలకని పిల్ల చెవుల సంగతీ అంతే. చదువులో వెనకబడిందని ముద్ర వేసే ముందు ఈ రెండూ చూడాలి.

ఇప్పుడు పుస్తకాలు తీయండి, మొదటివారం ఇవ్వాల్సిన ఉక్తలేఖనం రాసుకోండి. పలక, మేడ, గూడు, బండి, పంపు, గుడ్డి, మొక్క, పువ్వు, పత్రిక, బాణం. ప్రతి మాటకూ ఒక పని ఉంది. పలక తప్పితే అక్షరాలే రాలేదని. మేడ ఏత్వానికి, గూడు కొమ్ముదీర్ఘానికి. బండి, పంపు సున్న రెండు పలుకులకు. గుడ్డి ఆకారం మారని వత్తుకు, మొక్క ఆకారం మారే వత్తుకూ మొ కూ. పువ్వు దించిన కొమ్ముకు, పత్రిక వరుసకు, బాణం ణ కూ చివరి సున్నకూ. మాటను రెండుసార్లు మామూలుగా చెప్పండి, ఒక వాక్యంలో వాడి చెప్పండి. సాగదీసి చెప్పకండి, సాగదీస్తే దీర్ఘం మీరే అందించినట్టు.

అందరి పలకలూ చూశాక ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా ఈ పది మాటలు, నిలువుగా పిల్లల పేర్లు రాసి, తప్పిన గడిలో పిల్ల రాసింది అలాగే దించండి. టిక్కు, ఇంటూ వద్దు. "మెడ" అని రాస్తే "మెడ" అనే రాయాలి. నిలువు వరుసలో ఒకే తప్పు సగం మందికి పైగా కనబడితే అది తరగతికంతా మళ్ళీ చెప్పాల్సిన పాఠం. నలుగురైదుగురికే ఉంటే వాళ్ళను ఒక గుంపుగా పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఒక్కరికే ఉంటే జంటమాటల కార్డులు ఇచ్చి, బాగా వచ్చిన పిల్ల పక్కన వేయండి.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఉక్తలేఖనం ఇవ్వాలి, ఇవే మాటలు కాదు, ఇవే పనులు చేసే వేరే పది మాటలు. మేడ స్థానంలో చేద, బండి స్థానంలో గంట, పత్రిక స్థానంలో చిత్రిక. మిగిలిన ఏడూ మీరు రాయండి. పది నిమిషాలు ఇస్తున్నాను, ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమ మాట ఏ గుర్తును పరీక్షిస్తుందో బోర్డు దగ్గర చెప్పాలి.